తెర మీద వేరే గొంతు

భాగ్య గొంతు గురించి నాంపల్లిలో మొట్టమొదట ఫిర్యాదు చేసింది రామచందర్ సారు.

తొంభై మూడో సంవత్సరం అది. స్టేషన్ వెనక సందులో ఒక పాత మేడ మీది హాల్లో సారు నాటక సమాజం సాయంత్రాలు రిహార్సల్స్ చేసుకునేది. ఆయనది పాత హైదరాబాదు కుటుంబం. గన్‌ఫౌండ్రీ దగ్గర ఒక బడిలో తెలుగు పాఠం చెప్పేవారు. బడి గంట కొట్టాక నాటకం తప్ప ఆయనకు వేరే లోకం లేదు. ఆ మేడకు ఎదురుగా ఒంటిగది కిరాయి ఇంట్లో భాగ్య వాళ్లు ఉండేవారు. తండ్రి రాజయ్య జనగామ దిక్కు నుంచి వచ్చి స్టేషన్లో పార్సిళ్లు మోసేవాడు. తల్లి యాదవ్వ ఆబిడ్స్ దుకాణాల నుంచి చీరలు తెచ్చి ఫాల్ కుట్టేది. పదిహేడేళ్ల భాగ్య తల్లి పక్కన కూర్చుని పీకో మిషన్ తొక్కేది. చీకటి పడేసరికి తమ్ముడు మల్లేష్ ఎక్కడున్నా ఇల్లు చేరాలి. వాడి కోసం సందులన్నీ తిరిగే ఓపిక ఇంట్లో ఎవరికీ లేదు. అందుకని భాగ్య గడపలో నిలబడి, "ఒరేయ్ మల్లేషూ!" అని ఒకే ఒక్క కేక వేసేది. ఆ కేక మేడ కిటికీలోంచి దూరి, సరిగ్గా నాటకంలో కథానాయకుడు ప్రాణం విడిచే చోట పడేది. చచ్చిపోతున్నవాడు నవ్వేసేవాడు.

కొన్నాళ్లు ఓర్చుకుని, ఒకరోజు సారు మెట్లు దిగి వచ్చారు.

"ఎవలమ్మా గా అరిచేది?"

యాదవ్వ కంగారుపడింది. "మా పోరి సారూ. తమ్ముని పిలుస్తది. ఇగ అరవదు తియ్యున్రి."

"అరవద్దంటలేను. జర పైకొచ్చి అరుస్తదా అని అడుగుతున్న."

సంగతేమిటంటే, ఆ నాటకంలో ఒక తల్లి ఉంది. కొడుకు చనిపోయాడని విని ఏడుస్తుంది. కానీ తెర వెనక నుంచి ఆమె ఏడుపు వినిపించాలే తప్ప మనిషి కనిపించదు. కనిపించని పాత్రకు ఆడమనిషి ఎందుకని సమాజంలో ఒక గుమస్తా చేత గొంతు సన్నం చేయించి ఏడిపిస్తున్నారు. వింటే నవ్వొచ్చేది. భాగ్య తల్లితో కలిసి పైకి వెళ్లింది. సారు సన్నివేశం అంతా చెప్పాక ఆమె అడిగింది, "సచ్చింది పెద్దకొడుకా సారూ, చిన్నకొడుకా?"

నాటకంలో ఆ ముక్క ఎక్కడా లేదు. సారు కొంచెం ఆలోచించి, "చిన్నోడే అనుకో" అన్నారు.

భాగ్య ఏడ్చింది. నేల మీద శవంలా పడుకుని ఉన్న కథానాయకుడు లేచి కూర్చున్నాడు.

పబ్లిక్ గార్డెన్స్ పక్కన తెలుగు యూనివర్సిటీ ఆడిటోరియంలో ఆ నాటకం ఆడినప్పుడు భాగ్య పక్క తెరల మధ్య చీకట్లో నిలబడి ఏడ్చింది. ఎవరు ఏడ్చారా అని ముందు వరుసల్లో జనం తలలు తిప్పి చూడటం ఆమెకు అక్కడి నుంచి కనిపించింది. ఏడుస్తూనే వాళ్లను చూస్తూ నిలబడ్డానని ఇప్పుడు చెప్పి నవ్వుతుంది. తర్వాతి నాటకంలో సారు ఆమెకు కనిపించే వేషమే ఇచ్చారు. నలుగురూ చూస్తారని యాదవ్వ నసిగితే, రాజయ్య, "బస్సెక్కితే చూస్తలేరా?" అని ఆ మాట అక్కడికి తెంచేశాడు.

అలా పదేళ్లు. రవీంద్రభారతి, కోఠిలో చిన్న చిన్న హాళ్లు, ఎండాకాలంలో తెనాలి, గుంటూరు, రాజమండ్రి పరిషత్తు పోటీలు. నాటకాల భాష వేరు, ఇంటి భాష వేరు. కింద గిట్లా గట్లా అన్న మనిషి మేడ మెట్లెక్కేసరికి ఇలా అలా అనాలి. సారు స్వయంగా ఇంట్లో ఆమెలాగే మాట్లాడేవారు. కానీ స్క్రిప్టు చేతిలోకి వస్తే ఒక్క ఒత్తు జారనిచ్చేవారు కాదు. పోటీల్లో న్యాయనిర్ణేతలు భాగ్య నటన మెచ్చుకుని, ఉచ్చారణకు మార్కులు తగ్గించేవారు. మిగతా నటులు గొణుక్కుంటూ బస్సెక్కేవారు. భాగ్య మాత్రం వాళ్ల దగ్గరికి వెళ్లి, "ఏ మాట తప్పు పోయింది సార్? ఒకసారి మీరు పలికి చూపిస్తారా?" అని అడిగేది. వాళ్లు పలికితే అలాగే పలికేది. ఒక పెద్దమనిషి రైలు టైమైపోతోందని మొత్తుకుంటున్నా వదల్లేదట.

సమాజంలో లైట్లు చూసే శ్రీహరికి ట్రూప్ బజార్‌లో చిన్న ఎలక్ట్రికల్ దుకాణం ఉండేది. తను మాట్లాడటం అయిపోయినా వెలుగు తన మీద నుంచి త్వరగా పోవడం లేదని భాగ్య కనిపెట్టింది.

"గా లైటు నా మొఖం మీదనే ఎందుకుంటుంది?" అని నిలదీసింది.

"స్విచ్ లూజున్నది."

"నీదే ఎలక్ట్రికల్ దుకాణం గదా. మంచిగ జేయరాదా?"

"చేయరాదు" అన్నాడు శ్రీహరి. మరుసటేడు వాళ్ల పెళ్లి అయింది. నాటకాలు ఆగలేదు.

సినిమా వేషం రెండువేల నాలుగులో వచ్చింది. రవీంద్రభారతిలో నాటకం చూసిన ఒక ప్రొడక్షన్ మేనేజర్ మరునాడు దుకాణానికి వచ్చి అడిగాడు. ఊరి నుంచి పట్నానికి వచ్చి, తప్పిపోయిన కొడుకును వెతుక్కునే తల్లి. నాలుగు సీన్లు. షూటింగులో భాగ్య కెమెరామన్‌ను విసిగించింది. ఎంతవరకు కనిపిస్తున్నాను, నడుము దాకానా, చేతులు కనిపించనప్పుడు చేతులతో నటించాలా అక్కర్లేదా, ఇలా అడుగుతూనే ఉండేది. దర్శకుడు మాత్రం ఒక మాటన్నాడు, "నాటకం భాష వద్దమ్మా. మీ ఇంట్లో ఎలా మాట్లాడతారో అలాగే చెప్పండి."

పదేళ్లలో ఆ మాట ఎవరూ అనలేదు. ఆమె కెమెరా ముందు నిలబడి, "నా కొడుకును జూసిన్రా అయ్యా? గీడనే ఉంటడని చెప్పిన్రు" అంది. అది తన నోటిలో పుట్టిన మాటే. నటిస్తున్నప్పుడు ఆ మాట రావడం వింతగానూ హాయిగానూ ఉందని ఆ రాత్రి శ్రీహరికి చెప్పింది.

సినిమా ఆబిడ్స్‌లో విడుదలైంది. ఒక వరుసంతా వాళ్లే. రాజయ్య, యాదవ్వ, మల్లేష్, శ్రీహరి, చివర్న రామచందర్ సారు. తెర మీద భాగ్య నడిచొచ్చింది. ఈలలు పడ్డాయి. ఆమె నోరు తెరిచింది.

"నా కొడుకుని చూశారా బాబూ? ఇక్కడే ఉంటాడని చెప్పారండీ" అంది తెర మీది మనిషి. పెదాలు భాగ్యవి. గొంతు ఆమెది కాదు.

యాదవ్వ చీకట్లో కూతురి భుజం పట్టుకుంది. "గదేంది బిడ్డా, నీ గొంతుకేమైంది? సర్ది అయిండెనా?"

నాలుగు సీన్లూ అలాగే గడిచాయి. బయటికి వచ్చాక సారు చెప్పులకేసి చూస్తూ నిలబడ్డారు. శ్రీహరి, "పా, చాయ్ తాగుదాం" అన్నాడు. భాగ్యకు సిగ్గుగా ఉంది, కోపంగా ఉంది. ఆ రెండింటి కింద ఇంకొకటి మెల్లగా కదులుతోంది. ఆ గొంతు ఎంత బాగుంది! తను తెర మీద ఏడ్చినప్పుడు ఏడుపు కంటే ముందు ఒక చిన్న ఊపిరి వినిపించింది. నీళ్లలో మునిగే మనిషి తీసుకునే ఊపిరి లాంటిది. అది తను తీసుకోలేదు. ఆ గొంతు గల మనిషి తీసుకుంది. ఎవరావిడ?

మరునాడు మధ్యాహ్నం ఆట ఒక్కతే చూసింది. తన సీన్లు రాగానే కళ్లు మూసుకుని విన్నది.

ప్రొడక్షన్ మేనేజర్‌ను అడిగితే ఆయన మర్యాదగానే చెప్పాడు. "అందరికీ అర్థం కావాలి కదమ్మా. ఆ యాస కామెడీకైతే సరేగానీ, ఏడుపు సీనుకు బాగుండదు."

"సరే సార్. నాకు చెప్పిందెవరు?"

"ఎవరో డబ్బింగ్ ఆర్టిస్టు. పేరు గుర్తు లేదు. మద్రాసు నుంచి వచ్చిందేమో."

తర్వాత వేషాలు వస్తూనే ఉన్నాయి. పనిమనిషి, కూరగాయలమ్మ, దవాఖాన ఆయా, సీరియళ్లలో ఎవరో ఒకరి తల్లి. ఎప్పుడూ ఆమె గొంతు తీసేసేవారు. ఒక్కో సినిమాలో ఒక్కో గొంతు. కానీ రెండేళ్ల తర్వాత ఒక సినిమాలో మళ్లీ ఆ ఊపిరి వినిపించింది. "ఆమెనే!" అని హాల్లో గట్టిగా అనేసింది భాగ్య. పక్కసీటాయన కసురుకున్నాడు.

అప్పటి నుంచి ఆమె ఒక పని మొదలుపెట్టింది. ఎవరికీ చెప్పలేదు. ఏడ్చే చోటగానీ, గట్టిగా అరిచే చోటగానీ, మాటకు ముందు పెదాలు ఒక్క క్షణం ఆపేది. ఆ గొంతు మనిషికే ఈ సీను వెళితే, ఊపిరి తీసుకోవడానికి చోటుంటుందని. దర్శకులు అది నటన అనుకున్నారు. చాలాసార్లు వేరే ఎవరో చెప్పేవారు, ఆ చోటు ఖాళీగా పోయేది. కొన్నిసార్లు మాత్రం ఆ గొంతే వచ్చి సరిగ్గా అక్కడ ఊపిరి తీసుకునేది. అలాంటి రోజు భాగ్య ఇంటికొచ్చి, కారణం చెప్పకుండా కూరలో ఒక గరిటె నూనె ఎక్కువ వేసేదని శ్రీహరి అంటాడు.

రామచందర్ సారు పోయారు. మేడ కూల్చి లాడ్జి కట్టారు. రాష్ట్రం వచ్చింది. దాంతోపాటు సినిమా వాళ్లకు ఒక్కసారిగా ఈ భాష కావాల్సి వచ్చింది. ఇన్నేళ్లూ వద్దన్నవాళ్లే ఫోన్లు చేసి, "పక్కా తెలంగాణ యాస రావాలి మేడమ్" అనేవారు. నలభై ఏళ్లకే భాగ్యకు నాయనమ్మ వేషం ఇచ్చారు. తెల్ల విగ్గు పెట్టారు. డబ్బింగ్ కూడా ఆమే చెప్పాలన్నారు.

పన్నెండేళ్ల తర్వాత తన గొంతు తనకు ఇస్తున్నారు. కొత్తచీర కట్టుకుని స్టూడియోకు వెళ్లింది. అద్దం అవతల కూర్చున్న సౌండ్ ఇంజనీర్ ఆకాష్ తెర మీద సీను వేశాడు. తెర మీద నాయనమ్మ మాట మొదలుపెట్టి ముగించేసింది. మైకు ముందు భాగ్య ఇంకా సగంలో ఉంది. మళ్లీ వేశాడు. ఈసారి భాగ్య మాట ముందే అయిపోయింది. పెదాలు కలిస్తే గొంతు పెద్దదవుతోంది. గొంతు తగ్గిస్తే ప్రాణం పోతోంది. చివరి వరుసకు వినిపించాలని ఇరవై ఏళ్లు సాధన చేసిన మనిషి ఆమె. మైకేమో జానెడు దూరంలో ఉంది.

మధ్యాహ్నానికి ఒక్క సీను కూడా కాలేదు. తన ముఖానికి తనే గొంతు ఇచ్చుకోలేకపోయింది.

ఆకాష్ బయటికి వచ్చి చాయ్ ఇచ్చాడు. "ఒక మాట చెప్తే ఏమనుకోరు గదా మేడమ్? అనసూయ మేడమ్‌ని ఒకసారి కలవున్రి. మంచిగ నేర్పిస్తరు. మీ పాత పిక్చర్లకు చెప్పింది గూడ ఆమెనే గదా."

భాగ్య చాయ్ కప్పు కింద పెట్టింది. "యాడ ఉంటది? మద్రాసులనా?"

"ఏ మద్రాసు మేడమ్? హనుమాన్ టేక్డీ. మీ ఇంటి నుంచే నడిచి పోవచ్చు."

మర్నాడు పొద్దున భాగ్య నాంపల్లి నుంచి ఆబిడ్స్ పోస్టాఫీసు మీదుగా నడిచే వెళ్లింది. దారి పొడుగునా మాటలు సర్దుకుంటూనే ఉంది. ఆ గొంతు తనకు బాగా తెలుసు. గోదావరి జిల్లా మనిషో, కృష్ణా జిల్లా మనిషో అయి ఉంటుంది. చక్కగా అండీ కలిపి మాట్లాడాలి. పరిషత్తు పోటీల్లో నేర్చుకున్నదంతా గుర్తు తెచ్చుకుంది. పాత ఇంటి రెండో అంతస్తులో తలుపు తట్టింది.

లోపలి నుంచి ఆ గొంతే వచ్చింది. కానీ, "ఎవలు? ఆగున్రి, వస్తున్న" అంది.

తలుపు తీసినావిడకు అరవై దాటి ఉంటాయి. పొట్టి మనిషి, తెల్లటి జడ, చేతికి పిండి.

"నమస్కారమండీ" అంది భాగ్య సర్దుకున్న మాటల్లోంచి. "నా పేరు భాగ్య అండీ. మీరు నాకు సినిమాల్లో..."

అనసూయ ఆ ముఖాన్ని ఎగాదిగా చూసింది. ఆ ముఖంలో ప్రతి కదలికా ఆమెకు కంఠస్థం. "అయ్యో, భాగ్యా! రా, రా లోపలికి. గా అండీ ఏంది మధ్యల?"

భాగ్య గడపలోనే నిలబడిపోయింది. "మీరు గీడోళ్లేనా?"

"మరి యాడిదాన్ని? మా తాతల కాలం నుంచి బేగంబజార్ల బట్టల దుకాణం మాది."

ఆ పూటంతా ఇద్దరూ మాట్లాడుకున్నారు. అనసూయ పెళ్లైన కొత్తలో రేడియో నాటకాలకు వెళ్లేది. అత్తగారింట్లో ఎందుకు ఒప్పుకున్నారంటే, రేడియో అయితే ముఖం కనిపించదు కాబట్టి. ఆ తర్వాత డబ్బింగ్. దానికీ అదే కారణం. "రేడియోల కొత్తల ఔ అన్నందుకు రికార్డింగ్ ఆపేసిన్రు. ఇగ అవును, అవును అని ఇంట్ల గూడ అనుకుంట తిరిగేదాన్ని. మా అత్త నాకేదో గాలి సోకిందని తాయెత్తు కట్టించింది" అని ఆమె నవ్వింది. తర్వాత కళ్లు చిన్నవి చేసి అడిగింది, "నిన్నొకటి అడగాలె. ఫస్టు పిక్చర్ల నువ్వు నన్ను మస్తు తిప్పలు పెట్టినవ్. తర్వాత తర్వాత ఏడ్చే ముందర జర ఆగుతుంటివి. గది నాకోసమేనా?"

"ఔ" అంది భాగ్య.

"నేననుకున్న. మా ఆయనతోని చెప్తే, నీకు పిచ్చి అన్నడు."

కొంతసేపటికి భాగ్య తనను పన్నెండేళ్లుగా తొలుస్తున్నది అడిగింది. "నా మాటలు తీసేసి పెట్టేటప్పుడు నీకేమనిపించేది అక్కా?"

అనసూయ చేతికి ఎండిన పిండి గోకుతూ కూర్చుంది. "నీ అసలు మాటలు హెడ్‌ఫోన్ల నాకు వినవడేవి. వినకుంటే చెప్పరాదు గదా. నువ్వు మాట్లాడుతుంటే మా ఇంట్ల మనిషి మాట్లాడుతున్నట్టే ఉండేది. దాన్ని తుడిచి ఇంకోటి పెట్టుడు... పని గదే మరి. మంచిగనైతే అనిపించకపోయేది."

అంటే, ఆ సినిమాల్లో తను నిజంగా ఏమన్నదో ఇంటి మనిషి మాటలా విన్నది ఈ ఒక్కతే.

తర్వాత నెలరోజులు అనసూయ దగ్గర నేర్చుకుంది. "ముందు వరుస లేదు, ఎనక వరుస లేదు. ఒక్క చెవి ఉన్నదనుకో. దాంట్ల చెప్పు" అనేది అనసూయ. నాయనమ్మ వేషానికి భాగ్య తన గొంతే ఇచ్చింది. సినిమా బాగా ఆడింది. రెండో ఆటకు వెళ్లొచ్చిన యాదవ్వ, "ఇప్పుడు నయమైందిలే" అంది. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద జనం ఆపి ఫొటోలు దిగడం మొదలైంది.

సంహిత వచ్చింది ఆ తర్వాతే. తెలుగు యూనివర్సిటీలో రంగస్థలం చదువుకున్న అమ్మాయి, ఇరవై ఆరేళ్లు. తను దర్శకత్వం చేయాలనుకున్న కథ ఒకటి తన దగ్గర ఉంది. ఒకే గోడకు అటూ ఇటూ ఉంటూ ఏళ్ల తరబడి మాటల్లేని ఇద్దరు ముసలమ్మలు, ఆ ఇల్లు కూల్చే రోజు దగ్గరపడ్డాక మాట్లాడుకోక తప్పని కథ. అది పట్టుకుని చాలా ఆఫీసులు తిరిగింది. అందరూ ఇద్దరిలో ఒకరిని వయసు పిల్లగా మార్చమన్నారు. ఒక ముసలమ్మ వేషం వేస్తారా అని భాగ్యను అడగడానికి వచ్చింది.

కథ విన్నాక భాగ్య వేషం గురించి అడగలేదు. "ప్రొడ్యూసర్ అంటే ఏం జేస్తడు?" అంది.

సంహిత తడబడింది. "పొద్దున అందరికన్న ముందు వస్తరు అక్కా. టిఫిన్లు వచ్చినయా చూస్తరు. పర్మిషన్లు తెస్తరు. ఏదన్న ఆగిపోతే తిట్లు తింటరు."

"గివన్నీ నాటకాలల్ల జేసినయే గదా" అన్నాడు మూల నుంచి శ్రీహరి.

అలా భాగ్య నిర్మాత అయింది. సీరియళ్లలో దాచుకున్నది, శ్రీహరి ట్రూప్ బజార్ దోస్తులు నమ్మి ఇచ్చింది కలిపారు. మల్లేష్ భోజనాల బాధ్యత తీసుకున్నాడు. స్టేషన్ వెనక కూల్చబోతున్న పాత ఇల్లొకటి కొన్నాళ్లపాటు వాడుకోవడానికి దొరికింది. ఒక ముసలమ్మ వేషం తను వేసింది. రెండో ముసలమ్మగా అనసూయే చేయాలని భాగ్య పట్టుబట్టింది.

"ఈ వయసుల నా మొఖం ఎవల్జూస్తరే?" అని అనసూయ నెల రోజులు దాటేసింది. చివరికి ఒకరోజు తనే ఫోన్ చేసింది. "అత్త లేదు, ఆయన లేడు. ఇప్పుడెవలకు భయపడుతున్ననో నాకే తెల్వది. వస్త."

షూటింగ్ మొదటి రోజు అనసూయ గొంతు వినడానికి యూనిట్ అంతా చేతిలో పని ఆపేసింది. మానిటర్ చూసిన కెమెరామన్ రవిచంద్ర మాత్రం పెదవి విరిచాడు. మాట అంత గొప్పగా వస్తుంటే ముఖంలో ఏ కదలికా లేదు. చూపు ఎక్కడో ఒకేచోట నిలిచిపోయింది. మళ్లీ మళ్లీ తీశారు. గొంతు ప్రతిసారీ కొత్తగా ఉంది. ముఖం గోడలాగే ఉంది. రెండో రోజూ అంతే. ఇల్లు ఖాళీ చేయాల్సిన గడువు దగ్గరపడుతోంది.

భోజనాల దగ్గర రవిచంద్ర భాగ్యను పక్కకు పిలిచాడు. "అక్కా, కోపం జేయకున్రి. వేరే ఆర్టిస్టును తీసుకుందాం. గొంతు మాత్రం మేడమ్‌దే పెట్టుకుందాం. ఎవలకూ నష్టం లేదు."

సంహిత తల వంచుకుంది. కాదనలేదు. అన్నం ప్లేటు పట్టుకుని వెనకే వస్తున్న అనసూయకు ఆ మాట వినిపించింది. "ఆయన చెప్పింది కరెక్టే భాగ్యా. నాకు వచ్చింది గా పని ఒక్కటే. నేను గదే చేస్త" అంది, ఏ బాధా కనిపించనివ్వకుండా.

భాగ్యకు ఎవరినో తిట్టాలనిపించింది. కానీ తిట్టడానికి అక్కడెవరూ తప్పు మాట్లాడలేదు. నిర్మాత కుర్చీలో కూర్చున్నాక ఆ మాట ఎంత సబబుగా వినిపిస్తుందో ఆమెకు మొదటిసారి తెలిసింది. భోజనం వదిలేసి మానిటర్ ముందు కూర్చుని ఆ రెండు రోజుల షాట్లూ మళ్లీ వేయించుకుంది. శబ్దం తీసేయించి చూసింది. అనసూయ చూపు ఎప్పుడూ కెమెరాకు కొంచెం పైన, ఒకేచోట ఉంది.

"అక్కా, మాట్లాడేటప్పుడు నువ్వు గాడ ఏం జూస్తున్నవ్?"

అనసూయ ఆలోచించింది. "ఏం లేదే. డబ్బింగ్‌ల గాడ తెర ఉంటది గదా. తెర మీద మొఖం ఉంటది. గీడ ఏం లేదు."

భాగ్య లేచి కెమెరా పక్కన స్టూలు వేయించుకుని దాని మీద నిలబడింది. "ఇప్పుడు నన్ను జూడు. నేను పెదాలు కదుపుత. నువ్వు చెప్పు."

సంహిత యాక్షన్ అంది. భాగ్య చప్పుడు లేకుండా ఆ మాటలు పలికింది. కనుబొమలు, గడ్డం, కళ్లు అన్నీ కదిలించింది, ఏడవాల్సిన చోట ఒక్క క్షణం ఆగింది. అనసూయ ఆ ముఖాన్ని చూస్తూ మాట్లాడింది. మొదటి వాక్యానికి కళ్లు కదిలాయి. మూడో వాక్యానికి గడ్డం వణికింది. ఏడుపు దగ్గర ఊపిరి తీసుకున్నప్పుడు ఆమె ముఖమంతా ఒక్కసారిగా ముడుచుకుపోయింది. అది భాగ్య ముఖానికి నకలు కాదు. అరవై ఏళ్లు ఎవరికీ చూపించని ముఖం అది.

సంహిత కట్ అనే దాకా రవిచంద్ర కెమెరా మీద నుంచి చెయ్యి తీయలేదు. "ఇంకో స్టూలు ఎత్తుది తెప్పిస్త అక్కా" అన్నాడు. అతని క్షమాపణ అదే.

షూటింగ్ అయ్యేదాకా అనసూయ ఒంటరి సీన్లన్నిటికీ నిర్మాత కెమెరా పక్కన నిలబడి మూగగా నటించింది. అదంతా తెర మీద ఎక్కడా ఉండదు.

సినిమా థియేటర్లలో ఒక వారమే ఆడింది. ఆ వారంలో అనసూయ తనను తాను తెర మీద చూసుకుని, "గిట్లుంటనా నేను?" అని భాగ్య చెయ్యి గట్టిగా పట్టుకుంది. బాగుందనుకుందో బాగాలేదనుకుందో ఇప్పటికీ చెప్పలేదు. తర్వాత సినిమా ఫోన్లలోకి వచ్చింది. మెల్లగా ఒకరి నుంచి ఒకరికి పాకింది. పెట్టుబడి తిరిగొచ్చింది, ఇంకో సినిమాకు ధైర్యం వచ్చింది. డెబ్బై దాటాక అనసూయకు వేషాలు వస్తున్నాయి. సెట్లో ఎవరో ఒకరు ఎదురుగా నిలబడాలని ముందే షరతు పెడుతుంది.

భాగ్య ఆఫీసు ఇప్పుడు ట్రూప్ బజార్‌లో శ్రీహరి దుకాణం మీది గది. కింద వైర్ల చుట్టలు, ఫ్యాన్ల డబ్బాలు. మెట్ల మీద కొత్త నటీనటుల వరుస. ఇదంతా అడిగి రాసుకోవడానికి మొన్న నేను వెళ్లినప్పుడు ఆదిలాబాద్ అడవి దిక్కు నుంచి వచ్చిన ఒక అమ్మాయి తను రాసుకున్న సీను చెప్తోంది. ఆమె తెలుగు వేరుగా ఉంది. గోండి మాటలు కలుస్తున్నాయి. వాక్యం మనం అనుకున్న చోట ఆగడం లేదు. రవిచంద్ర నా చెవిలో, "మంచిగనే ఉంది గానీ, జనాలకు సమజ్ కాదు" అన్నాడు. గొంతు తగ్గించినా భాగ్యకు వినిపించింది.

"నాకు గూడ సగం సమజ్ కాలే" అని ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది. ఆ అమ్మాయి కంగారుపడి ఆగిపోయింది. "ఆగకు బిడ్డా. నీకెట్ల వస్తదో గట్లనే చెప్పు. మొదటికెళ్లి మల్ల చెప్పు, జర నిదానంగ. గా మాట ఏంది, ఇందాక అన్నవ్ గదా, చెట్టు గురించి?"

అమ్మాయి ఆ మాట మళ్లీ అంది. భాగ్య పెదాలు కదిపి, దాన్ని తన నోట్లో ఒకసారి అని చూసుకుంది. సరిగ్గా రాలేదు. ఇద్దరూ నవ్వారు. అమ్మాయి దాన్ని విడదీసి చెప్పడం మొదలుపెట్టింది.